ఫ్రీమన్ గారి 160 ఎకరాలు

పదకొండు దాటింది. మావాడి స్కూలు వ్యాసం చదివినప్పటి నుంచి ఒకటే చిరాకు. రాసేస్తే నిద్ర పడుతుందేమో.

నెబ్రాస్కా చరిత్ర మీద ఒక పేజీ రాసుకురమ్మన్నారట. వీడు డేనియల్ ఫ్రీమన్‌ని పట్టుకున్నాడు. హోమ్‌స్టెడ్ చట్టం (సాగు చేసుకునేవాళ్లకి అమెరికా సర్కారు అప్పట్లో 160 ఎకరాలు ఇచ్చిన చట్టం) కింద మొట్టమొదట భూమికి దరఖాస్తు పెట్టిన రైతని పేరున్న పెద్దమనిషి. పేజీలో ముప్పాతిక వంతు ఒక్క రాత్రికే పోయింది. బ్రౌన్‌విల్లో కొత్త సంవత్సరం పార్టీ, "తెల్లారితే యుద్ధానికి పోవాలి, ఆఫీసు తెరవండి" అని భూముల ఆఫీసు గుమాస్తాని బతిమాలడం, పన్నెండు కొట్టి 1863 జనవరి 1 రాగానే సంతకం. ఆఖరున ఒకే వాక్యం: 1908లో చనిపోయాడు.

మధ్యలో నలభై అయిదేళ్లు ఏమయ్యాయిరా అంటే, "ఇంపార్టెంట్ పార్ట్ అదే కదమ్మా" అన్నాడు. ఆ రోజే వేరే ఊళ్లలో కూడా జనం దరఖాస్తులు పెట్టారు, అది మాత్రం ఎవరూ చెప్పరు. మా ఆయన సోఫాలోంచి తల కూడా ఎత్తకుండా "ఫ్రీగా వచ్చిన పొలం, వాడి లక్కే లక్కు" అని ఒక రాయి వేశారు.

ఫ్రీ అట! రుసుం పద్దెనిమిది డాలర్లే, సరే. ఆ తర్వాత అయిదేళ్లు అక్కడే కాపురం ఉండాలి, ఇల్లు కట్టాలి, దున్ని పండించి చూపించాలి. పట్టా చేతికి రాకుండానే వదిలేసి వెళ్లిపోయినవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఫ్రీమన్‌కే 1869లో గానీ రాలేదు. వారానికి ఒకసారి లాన్ కొయ్యడానికి పదిసార్లు చెప్పించుకునే మనిషి మాట్లాడాల్సిన మాటేనా అది?

అత్తయ్య ఉన్నప్పుడు ఫ్రీమన్ పొలం ఉన్న బియాట్రిస్ వెళ్లాం కదా. ఆ పొలం ఇప్పుడు నేషనల్ పార్కు వాళ్ల చేతిలో ఉంది. ఇంగ్లీషు టీ అక్షరంలా ఉంటుంది. కబ్ క్రీక్ వాగూ, దాని గట్టున చెట్లూ, సాగునేలా అన్నీ తన వాటాలోకే వచ్చేలా గీయించుకున్నాడు మహానుభావుడు. చుట్టుపక్కల అంతా గడ్డే, కలప దొరకడం గగనం. మేమందరం ఫొటోలు దిగుతుంటే అత్తయ్య వంగి ఒక మట్టిబెడ్డ తీసి వేళ్ల మధ్య నలిపి చూశారు. "బంగారంలాంటి నేలే. అంతకుముందు ఎవరిదమ్మా ఇది? అడుగు ఆ పార్కు అబ్బాయిని" అన్నారు. నాకు మొహమాటం. అయినా అడిగాను.

ఓటో, మిస్సోరియా అనే అక్కడి ఆదివాసీ తెగలవాళ్లదట. 1854లో సర్కారు వాళ్లు ఒప్పందం రాయించుకుని బిగ్ బ్లూ నది పక్కన కాస్త ముక్క మిగిల్చారు. 1881లో అక్కణ్ణించీ లేపి ఓక్లహోమా వైపు పంపేశారు. అంటే ఫ్రీమన్ నాగలి పట్టిన రోజుల్లో వాళ్లింకా ఆ దాపునే ఉన్నారన్నమాట. అత్తయ్య చేయి దులుపుకుని "అదీ సంగతి" అన్నారు. ఆ రోజు నుంచీ ఫ్రీమన్ అంటే నాకు పడదు.

కానీ ఇందాక మావాడి వ్యాసం దిద్దుదామని ఫ్రీమన్ గురించి మళ్లీ చదువుతుంటే, ఆ ముసలాయన మీద అంత కోపం నిలవలేదు. 1899లో, డెబ్భై మూడేళ్ల వయసులో, తన పొలం పక్క బళ్లో టీచరు బైబిలు చదివించి ప్రార్థన చేయిస్తోందని అడ్డం తిరిగాడు. స్కూలు బోర్డు వినలేదు. కోర్టుకెక్కాడు. 1902లో నెబ్రాస్కా సుప్రీంకోర్టు ఆయన పక్షానే తీర్పు ఇచ్చింది. అందరూ అందరికీ తెలిసిన ఊళ్లో, ఆ కాలంలో, ఆ మాట అనడానికి ఎంత మొండితనం ఉండాలి! పార్టీలో గుమాస్తాని బతిమాలిన మనిషీ ఈయనేనా అనిపించింది.

ఇక ఆయన భార్య ఆగ్నెస్. ఈవిడ పేరే లేదు వ్యాసంలో. ముందు ఫ్రీమన్ తమ్ముడికి ఇచ్చి చేద్దామనుకున్నారు, అతను అంతర్యుద్ధంలో పోయాడు. ఈయన ఉత్తరాలు రాసి రాసి, పెళ్లి మాట కూడా ఉత్తరంలోనే అడిగాడు. 1865లో అయొవా నుంచి వచ్చి దుంగల ఇంట్లో కాపురం పెట్టింది. ఆయన ఎనభై రెండేళ్లకి, 1908 డిసెంబరు 30న పోయాడు. ఇంకో రెండ్రోజులుంటే దరఖాస్తుకి నలభై ఆరేళ్లు నిండేవి. ఆవిడ 1931 దాకా ఉంది. ఆ ఇరవై రెండేళ్ల గురించి ఎవరికీ పట్టదు.

పార్టీ సీను తగ్గించి ఆవిడ గురించి రాయరా అంటే పేజీ నిండిపోయిందంటాడు. చివరికి బేరం కుదిరింది. రెండు లైన్లు ఇస్తాడట, ఫాంట్ తగ్గించి.