33ఎ గదిలో ఒక్క రాయి

ఇంగ్లండులో పిల్లలకు చదువు చెప్పించవలసిన బాధ్యత తల్లిదండ్రులదే గాని, బడికే పంపాలన్న నిర్బంధం లేదు. 1996 నాటి విద్యాచట్టంలోని ఏడవ సెక్షను ‘బడిలో గాని, మరో విధంగా గాని’ అంటుంది; ఆ ‘మరో విధం’ ఆసరాతోనే మూడేళ్లుగా మా ఇద్దరు పిల్లల చదువు ఇంట్లో సాగుతోంది. బడిపిల్లల గుంపులు తిరుగుముఖం పట్టాక, వారం మధ్యలో ఒక మధ్యాహ్నం పూట మ్యూజియానికి తీరిగ్గా వెళ్లగలగడం దీనివల్ల మాకు దక్కిన వెసులుబాటు.

బ్రిటిష్ మ్యూజియంలో 33ఎ గది అమరావతి మహాస్తూపపు శిల్పాలది. మొదటిసారి వెళ్లినప్పుడు, తెలుగునేల నుంచి వచ్చిన రాళ్లు కదా అన్న ఆవేశంలో, శాతవాహనుల దగ్గర మొదలుపెట్టి ఏకబిగిన చెప్పుకుపోయాను. పది నిమిషాలు తిరగకుండానే చిన్నవాడు నేల మీద చతికిలబడ్డాడు; పెద్దది మర్యాద కోసం తల ఊపుతూ గుమ్మం వైపు చూస్తోంది. చరిత్ర పేరుతో నేను వినిపించింది నా సొంత బెంగ అని ఇంటికి వచ్చాక గాని తట్టలేదు.

రెండోసారి ఒక్క రాతినే, గంటసేపు, పెన్సిలు చేతబట్టి చూడాలని నియమం పెట్టుకున్నాము. రెండువైపులా చెక్కిన పలకను ఎంచుకున్నాము. ఒకవైపు శిల్పం క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం నాటిది: చెట్టు కింద ఖాళీ ఆసనం, దాని చుట్టూ చేతులు జోడించిన జనం, బుద్ధుడు మాత్రం కనిపించడు. మూడు వందల ఏళ్లు గడిచాక అదే రాతిని తిప్పి, రెండోవైపు స్తూపాన్నే బొమ్మకట్టారు. “పాత నోటుపుస్తకంలో వెనకవైపు రాసుకున్నట్టా అమ్మా?” అని చిన్నవాడు అడిగాడు. అంతకంటే బాగా నేను చెప్పగలిగేదాన్ని కాదు. స్తూపం ముందు నిలిచిన అయిదు స్తంభాలను లెక్కపెట్టింది పెద్దమ్మాయి. వాటిని ఆయక స్తంభాలంటారని, బుద్ధుని జీవితంలోని అయిదు ఘట్టాలకు గుర్తుగా చెబుతారని అప్పుడు చెబితే చెవిన పెట్టారు. అడగకముందే ఇచ్చిన జవాబు పిల్లల దగ్గర నిలవదు.

ఇవి పలనాటి సున్నపురాళ్లు. లండనుకు చేరిన కొత్తల్లో వీటిలో కొన్ని ఆరుబయట ఎండకూ వానకూ గురయ్యాయని తెలిశాక, వాన పడితే రాయికి ఏమవుతుందన్న ప్రశ్న వచ్చింది. మరునాడు వంటింట్లో ఒక సున్నపురాయి ముక్క మీద వెనిగరు చుక్కలు వేశాము. బుసబుసమని నురుగు లేచింది. బొగ్గుపొగ కలిసిన ఆనాటి లండను వాన కూడా ఇంత వేగంగా కాకపోయినా అదే తీరున రాతిని తినేస్తుందని వేరే పాఠం చెప్పనక్కర లేకపోయింది.

‘ఇవి ఇక్కడెందుకు ఉన్నాయి, ఎత్తుకొచ్చారా?’ అన్న ప్రశ్నకే నేను తడబడ్డాను. కంపెనీ ఉద్యోగి వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించి మద్రాసుకు తరలించాడు. 1859లో అక్కడినుంచి లండనుకు ఓడలో పంపారు. 1880లో ఈ మ్యూజియానికి చేరాయి. ఇవ్వమని అక్కడి జనాన్ని అడిగినవారు లేరు. అయితే అంతకు ముందే, 18వ శతాబ్దం చివర, అమరావతిలో కొత్త పట్టణం కట్టిస్తున్న జమీందారు మనుషులు ఈ స్తూపపు దిబ్బను తవ్వి రాళ్లు కట్టడాలకు వాడుకున్నారు. ఈ రెండూ కలిపి చెప్పాను. మొదటిదాన్ని మాత్రమే చెబితే నా మనసుకు హాయిగా ఉండేది, కాని పిల్లలకు సగం కథే అందేది.

ఆ ఆదివారం వీడియో కాల్‌లో చిన్నవాడు తన బొమ్మను అమ్మమ్మకు చూపించాడు. స్తూపం చుట్టూ ఉన్న రాతి వరుసకు మాట దొరకక ‘కంచె’ అన్నాడు. “కంచె ఏమిట్రా, పిట్టగోడ అను” అని మా అమ్మ దిద్దింది. పిట్టగోడ మేడ మీద కదా ఉండేది, ఇది నేల మీద ఉందని వాడి వాదన. పుస్తకాలలో దాన్ని వేదిక అంటారని నేను కల్పించుకుంటే, వేదిక అంటే ఉపన్యాసాలిచ్చేది కాదా అని ఇద్దరూ నా మీదికి తిరిగారు. ఆ సంగతి ఇంకా తేలలేదు. వాడి బొమ్మ కింద ప్రస్తుతానికి మూడు మాటలూ రాసి ఉన్నాయి.