రిజిస్టర్‌కి ఎక్కని సంగతులు

నా డ్యూటీ ముగిసి కిందికి దిగడానికి ఇంకా తొమ్మిది రోజులు. ఎక్కడున్నానో రాయను, రాయకూడదు కూడా. ఎత్తు మాత్రం సుమారు 5,500 మీటర్లు. ఇక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉండేదాంట్లో సగం. గాలిలో ఆక్సిజన్ వాటా ఎక్కడైనా అదే, 21 శాతం. కానీ గాలే పలచన కాబట్టి ఒక్కో ఊపిరికి లోపలికి చేరేది సగమే. ఈ సైనిక పోస్టులో నేను మెడిక్‌ని, అంటే వైద్యం చూసుకునేవాణ్ని. ఆరు నెలలుగా నా ఉద్యోగమంతా ఆ తగ్గిన సగం చుట్టూనే తిరుగుతోంది. దీన్ని ఇప్పుడు నోట్‌బుక్‌లో రాస్తున్నా. కిందికి దిగాక, సిగ్నల్ దొరికిన రోజున పోస్ట్ చేస్తా.

పొద్దున కళ్లు తెరవగానే చొక్కా లోపలి జేబు తడుముకుంటాను. అందులో ఒక సబ్బు పెట్టె ఉంటుంది, దాంట్లో దూది మధ్య ఆరు ఇంజెక్షన్ ఆంప్యూల్స్. రాత్రి మైనస్ 25కి పడిపోతుంది. బయట వదిలేస్తే మందు గడ్డకట్టి గాజు పగిలిపోతుంది. అందుకే అవి నా ఒంటి వేడితోనే బతుకుతాయి. రెండు సెలైన్ సంచులు స్లీపింగ్ బ్యాగ్‌లో నా కాళ్ల దగ్గర పడుకుంటాయి. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే ఆక్సీమీటర్ బ్యాటరీలు సాక్సులో. మొదట్లో ఇన్ని వస్తువుల మధ్య నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు నిద్రలో పక్కకి తిరిగినా చెయ్యి జేబు మీదే ఉంటుంది.

తర్వాత వేళ్లు. మేం ఇరవై ముగ్గురం. ఒక్కొక్కరి వేలికి ఆక్సీమీటర్ పెట్టి అంకె రాసుకోవాలి. చల్లబడిన వేలికి పెడితే అది తప్పు అంకె చూపిస్తుంది, లేదా అసలు చూపించదు. కాబట్టి ముందు ఆ చేతిని నా రెండు చేతుల మధ్య పెట్టుకుని కాసేపు రుద్దకుండా పట్టుకుంటాను. ఆ ఒకటి రెండు నిమిషాల్లోనే మనిషి మాట్లాడతాడు. రాత్రి నిద్ర పట్టిందా లేదా, ఎవరితో మాట పట్టింపు వచ్చింది, ఇంటి నుంచి ఏం కబురొచ్చింది, అన్నీ అప్పుడే బయటికొస్తాయి. అంకె కన్నా ఆ మాటలే నాకు ఎక్కువ పనికొచ్చాయి.

కింద ఆస్పత్రిలో 82 కనిపిస్తే నర్సులు పరుగెత్తుకొస్తారు. ఇక్కడ 82 ఉన్నవాడు పారతో మంచు తవ్వుతుంటాడు. ఇక్కడ ఎవరి అంకె వాళ్లది. జనరేటర్ చూసుకునే పెద్దాయనది ఎప్పుడూ 79, 80. ఆయనకి 79 ఉంటే నేను టీ తాగడానికి వెళ్లిపోతాను. రేడియో చూసే కుర్రాడిది 87. వాడికి 81 వస్తే ఆ రోజు వాణ్ని నా కళ్ల ముందు నుంచి కదలనివ్వను. ఇదంతా రిజిస్టర్‌లో అంకెలుగా ఉంది. కానీ ఆ అంకెల వెనక మనిషిని చూడడం కొత్తగా వచ్చేవాడికి ఎన్నాళ్లు పడుతుందో అని నా బెంగ.

నా స్థానంలోకి వచ్చే మెడిక్ వారంలో పైకొస్తాడు. అప్పగింతకి మాకు దొరికేది రెండు రోజులు. మందుల స్టాక్, సిలిండర్లు, స్ట్రెచర్లు, స్ప్లింట్లు లెక్కపెట్టి సంతకాలు చేసుకోవడానికే అవి సరిపోతాయి. అందుకే పది రోజులుగా రాత్రిళ్లు వేరే పుస్తకం ఒకటి రాస్తున్నాను. ఒక్కో మనిషికి ఒక పేజీ. పెద్దాయన పేజీలో ఇలా రాశాను: "నిద్రలో ఊపిరి ఆగుతుంది. పది, పదిహేను సెకన్లు ఆగి, మళ్లీ పెద్దగా పీల్చుకుంటాడు. కంగారు పడకు. ఈ ఎత్తులో చాలామందికి ఇది మామూలే. ఆయనకి మొదటి రోజు నుంచీ ఉంది." మొదటి వారంలో నేనూ అది చూసి ఆయన్ని మూడుసార్లు తట్టి లేపాను. "తమ్ముడూ, నేను చచ్చిపోతే నేనే చెప్తాగా, పడుకోనివ్వు" అన్నాడు.

సిలిండర్ల గురించీ ఒక పేజీ రాశాను. 20 డిగ్రీల దగ్గర 150 బార్ ఒత్తిడి చూపించే సిలిండర్‌ని ఈ చలిలో బయట పెడితే గేజ్ మీద ముల్లు 125 దగ్గరికి దిగిపోతుంది. గ్యాస్ ఎక్కడికీ కారిపోలేదు, చల్లబడి ఒత్తిడి తగ్గిందంతే. ఇది తెలియక మొదటి నెలలో ఒక అర్ధరాత్రంతా సబ్బు నీళ్లు పట్టుకుని లేని లీకేజీ కోసం వెతికాను. ఆ సబ్బు నీళ్లు కూడా గడ్డకట్టాయి.

మొన్నటి సంగతి ఇప్పుడు రాయాలి.

మా కుర్రాళ్లలో ఒకడు మూడు వారాలు సెలవు మీద కిందికి వెళ్లి వచ్చాడు. ఎత్తుకి అలవాటు పడ్డ ఒళ్లు కిందికి వెళ్తే ఆ అలవాటు పోగొట్టుకుంటుంది. మళ్లీ పైకొచ్చిన మొదటి రెండు నుంచి నాలుగు రోజులే ప్రమాదం. ఊపిరితిత్తుల్లో నీరు చేరేది ఎక్కువగా అప్పుడే. అందుకే వాణ్ని రోజుకి మూడుసార్లు చూస్తున్నాను. తలనొప్పి, వికారం, అలసట, తల తిరగడం, నాలుగు ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు. వాడు అన్నిటికీ సున్నానే చెప్పాడు. "బాగున్నా అన్నా, ఫస్ట్‌క్లాస్."

మూడో రోజు సాయంత్రం వాడు బూటు లేసులు కట్టుకుంటుంటే చూశాను. ఎడమ బూటు కట్టాడు. ఆగాడు. మోకాలి మీద చెయ్యి పెట్టుకుని నాలుగుసార్లు ఊపిరి పీల్చాడు. అప్పుడు కుడి బూటు అందుకున్నాడు. మధ్యలో ఒక చిన్న పొడి దగ్గు, గుప్పిట్లో దాచుకున్నాడు.

వెళ్లి వాడి చెయ్యి పట్టుకున్నా. వేలు వెచ్చబడ్డాక అంకె 64. వీపు మీద స్టెతస్కోప్ పెడితే కుడివైపు, భుజం ఎముక కింద, వెంట్రుకల్ని చెవి దగ్గర వేళ్ల మధ్య నలిపినట్టు చప్పుడు. రెండు రాత్రుల నుంచి దగ్గు ఉందని అప్పుడు ఒప్పుకున్నాడు. ఎందుకు చెప్పలేదురా అంటే, "ఇంకో పన్నెండు రోజులేగా అన్నా. నన్ను కిందికి పంపేస్తే నా డ్యూటీ మిగతావాళ్ల మీద పడుతుంది. అందరం కలిసి దిగుదామని" అన్నాడు. వాణ్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు.

దీనికి అసలు మందు ఒకటే, కిందికి దించడం. కానీ బయట మంచుతుఫాను. హెలికాప్టర్ రాదు, చీకట్లో మోసుకుని దిగితే మోసేవాళ్లూ పోతారు. తెల్లవారడానికి పది గంటలుంది. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి తగ్గించే నిఫెడిపిన్ వేశాను, ఆక్సిజన్ పెట్టాను. తర్వాత లెక్క. మా దగ్గర వాడదగ్గ సిలిండర్ ఒకటే మిగిలింది. పది లీటర్ల సిలిండర్, గేజ్ మీద 100 బార్, అంటే వెయ్యి లీటర్ల గ్యాస్. నిమిషానికి 4 లీటర్లు ఇస్తే 250 నిమిషాలు. నాలుగు గంటల పైచిలుకు. అంటే అర్ధరాత్రి దాటగానే సిలిండర్ ఖాళీ.

అప్పుడు సంచి తీశాం. చూడ్డానికి పెద్ద గొట్టంలాంటి నైలాన్ సంచి. మనిషిని లోపల పడుకోబెట్టి, జిప్ వేసి, కాలి పంపుతో గాలి నింపితే లోపల ఒత్తిడి పెరుగుతుంది. మనిషి ఉన్నచోటే ఉంటాడు, ఒళ్లు మాత్రం 1,500 మీటర్లకు పైగా కిందికి దిగినట్టు అనుకుంటుంది. ఊపిరితిత్తుల్లో నీరున్నవాడు వెల్లకిలా పడుకోలేడు. కాబట్టి తలవైపు మందుల పెట్టెలు పేర్చి సంచిని ఏటవాలుగా పెట్టాం. ఒకసారి నిండాక కూడా పంపు తొక్కుతూనే ఉండాలి. ఆపితే లోపలున్నవాడు తను వదిలిన గాలినే మళ్లీ పీల్చుకోవాల్సి వస్తుంది. నిమిషానికి పదిహేనుసార్లు చొప్పున, తెల్లవారేదాకా.

ఈ ఎత్తులో పది నిమిషాలు పంపు తొక్కితే మనిషికి గుండె నోట్లోకి వస్తుంది. ఎవర్నీ లేపాల్సిన పని పడలేదు, అందరూ అప్పటికే లేచి గోడ వెంట వరసలో నిలబడి ఉన్నారు. పది నిమిషాలకొకరు మారారు. పెద్దాయన తన వంతు అయ్యాక కూడా దిగనన్నాడు, చెయ్యి పట్టుకుని దింపాను. సంచికి ముఖం దగ్గర పారదర్శకమైన కిటికీ ఉంటుంది. అది లోపల నుంచి ఆవిరి పట్టేది. వాడే లోపలి నుంచి వేలితో తుడిచేవాడు, ఆ తుడిచిన చోట ఒక కన్ను కనిపించేది. గంటకోసారి ఒత్తిడి మెల్లగా తగ్గించి, తెరిచి, గుండె వినడం, నీళ్లు పట్టడం, కొంచెంసేపు సిలిండర్, మళ్లీ జిప్. రెండు గంటలకి అంకె 74. నాలుగు గంటలకి 81. ఐదున్నరకి బయట తుఫాను గాలి ఆగింది. ఎనిమిది లోపు హెలికాప్టర్ వచ్చింది.

రెండు రోజుల తర్వాత రేడియోలో కబురు. లేచి తిరుగుతున్నాడట. మాకంటే ముందే దిగినందుకు బాధపడుతున్నాడట.

అప్పటి నుంచి నేను ప్రశ్నలు అడగడం తగ్గించాను. చివరి రోజుల్లో అందరూ సున్నాలే చెప్తారు. తలనొప్పి దాచిపెట్టడం వాళ్ల దృష్టిలో అబద్ధం కాదు, తోటివాడి మీద బరువు వెయ్యకపోవడం. అందుకే బూట్లు కట్టుకునేటప్పుడు చూస్తాను. నేల మీద పరిచిన చెక్క మీద, ఒక కాలి మడమని రెండో కాలి వేళ్లకి ఆనిస్తూ పది అడుగులు నడవమంటాను. మెదడు వాచడం మొదలైతే అడుగు తప్పేది అక్కడే. భోజనం దగ్గర ఎవరు మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నారో వింటాను. ఇది ఆ రెండో పుస్తకంలో మొదటి పేజీలోనే రాశాను, కింద గీత గీసి.

మధ్యాహ్నం మార్ఫిన్ లెక్క. రెండు తాళాల పెట్టె, ఒక తాళంచెవి నా దగ్గర, ఇంకోటి కమాండర్ దగ్గర. ఇద్దరం కలిసి ఒక్కోటీ తీసి లెక్కపెట్టి, ఇద్దరం సంతకం పెడతాం. పదిట్లో ఎనిమిదున్నాయి. ఆ రెండూ ఎవరికి, ఏ రోజు, ఎన్ని గంటలకు ఇచ్చానో పుస్తకం చూడకుండా చెప్పగలను.

నిన్న లెక్క వేళకి కమాండర్ దవడ పట్టుకుని వచ్చారు. పంటి నొప్పి, బాగా వాచింది. సరిగ్గా అప్పుడే ఒక కుర్రాడు కళ్లు మూసుకుని గోడ పట్టుకుని వచ్చాడు, మంచు మీద ఎండ కళ్లలో కొట్టి ఒకటే మంట. నేనేమీ అనకముందే సార్ స్టూలు మీద నుంచి లేచి "ముందు వాణ్ని చూడు" అన్నారు. 1949 నాటి మొదటి జెనీవా ఒప్పందంలోని మాట మాకు శిక్షణలో నేర్పారు. ఎవరికి ముందు వైద్యం చెయ్యాలో నిర్ణయించేది వైద్యపరమైన అవసరం ఒక్కటే, ఇంకేదీ కాదు. గాయపడ్డ శత్రువుకైనా అదే వరస. శిక్షణలో అది పరీక్ష కోసం బట్టీ పట్టాను. ఆ స్టూలు ఖాళీ అయినప్పుడు మాత్రం దానికి అర్థం కనిపించింది. కుర్రాడి కళ్లకి తడి గుడ్డ, కట్టు, నొప్పి మాత్ర. మత్తు చుక్కలు మాటిమాటికీ వెయ్యకూడదు, వేస్తే కన్ను మానదు. అది వాడికి నచ్చజెప్పడానికే ఎక్కువసేపు పట్టింది. తర్వాత సార్ పన్ను.

సాయంత్రం కాళ్లు. అందరూ సాక్సులు విప్పి దీపం దగ్గర కూర్చోవాలి. వేళ్ల మధ్య, మడమల మీద, గోళ్ల కింద చూస్తాను. రెండు నెలల కింద ఒకడి చేతివేళ్లు రెండు చలికి తెల్లబడి కర్రముక్కల్లా అయిపోయాయి. వాడు ఎవరో చెప్పిన మాట విని మంచుతో రుద్దబోతుంటే ఆపాను. 37 నుంచి 39 డిగ్రీల నీళ్లలో, థర్మామీటర్ పెట్టి, చల్లారుతుంటే వేడినీళ్లు కలుపుతూ అరగంట. రంగు తిరిగొస్తున్నప్పుడు ఆ నొప్పికి అంత మనిషీ ఏడ్చాడు. వేళ్లు దక్కాయి. కానీ ఒకసారి దెబ్బతిన్న వేలు మళ్లీ తొందరగా దెబ్బతింటుంది. వాడి పేజీలో "కుడిచేతి ఉంగరం వేలు, చిటికెన వేలు. అడక్కుండా చూడు" అని రాశాను.

ఇంటికి వెళ్తున్నందుకు సంతోషంగా లేదా అని పెద్దాయన అడిగాడు. ఉంది, చాలా ఉంది. రోజులు నేనూ లెక్కపెడుతున్నాను. కానీ రాత్రి దీపం ఆర్పాక ఇరవై మంది ఊపిరి చప్పుడు విడివిడిగా వినిపిస్తుంది, ఏది ఎవరిదో చీకట్లో కూడా తెలుస్తుంది. అది ఎలా అప్పగించాలో నాకు తెలియడం లేదు. రాసి చూశాను. "మూలన గురక, జనరేటర్. తలుపు పక్క సన్నటి ఈల, ముక్కు ఎముక పాత దెబ్బ." రాయగలిగినంత రాశాను.

ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. రేడియో కుర్రాడి పేజీ ఇంకా సగంలో ఉంది. పొద్దున వాడి అంకె 84. మూడే తగ్గింది, నడక బాగుంది, దగ్గు లేదు. భోజనం మాత్రం సగం వదిలేశాడు. పెన్ను పక్కన పెట్టి, వెళ్లి వాడి పక్కన కూర్చుని ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టి వస్తాను.