పారిశ్రామికవాడలో ప్రార్థన మందిరం: అనుమతి కోసం తిరిగిన నా అనుభవం

భీమవరం శివారులో ఒక అద్దె మేడ పైభాగంలో మా క్రైస్తవ సంఘం తొమ్మిదేళ్లు ఆరాధన జరుపుకుంది. సంఘస్థుల్లో ఎక్కువమంది రొయ్యల ప్లాంట్లలో తలలు తీసే ఆడవాళ్లు, వారిని తీసుకువెళ్లే ఆటోవాళ్లు, ఐసు లోడింగుకు వెళ్లే కుర్రవాళ్లు. నేను లెక్కల మాస్టారుగా పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక, కాగితాలు రాయగలనన్న ఒక్క అర్హత చూసి నన్ను కార్యదర్శిని చేశారు.

మేడ చుట్టుపక్కలవారు మా మీద ఫిర్యాదు చేయడంలో అన్యాయం లేదని ముందే ఒప్పుకుంటాను. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు దాటకూడదు. డోలకు, కీబోర్డు, నూటఎనభై గొంతులు కలిస్తే కిటికీలు మూసినా ఆ హద్దు నిలిచేది కాదు. అవే నియమాలు పారిశ్రామిక ప్రాంతానికి పగలు 75, రాత్రి 70 వరకు వెసులుబాటు ఇచ్చాయి. ఆ పట్టిక నా చేతిలో ఉన్న రోజుల్లోనే, పారిశ్రామికవాడలో మూతపడిన ఒక రైసు మిల్లు గోదాము బేరానికి వచ్చింది. మావాళ్లు పనిచేసే ప్లాంట్లు అక్కడికి నడిచి వెళ్లేంత దూరం, ఆటోలు నిలుపుకోవడానికి లారీలు ఆగే జాగా, ఊళ్లో స్థలం ధరలో మూడోవంతు ధర. ఇంతకన్నా ఏం కావాలనుకున్నాం. అగ్రిమెంటు రాసుకుని, అడ్వాన్సు ఇచ్చి, ఆ తరువాత ప్లాను గీసే ఎల్‌టీపీ (లైసెన్సున్న సాంకేతిక నిపుణుడు) దగ్గరకు వెళ్లాం. ముందు ఆయన దగ్గరకే వెళ్లవలసింది.

"మాస్టారూ, మాస్టర్ ప్లానులో ఇది ఇండస్ట్రియల్ జోనండి. ప్లాను పెట్టమంటే పెడతాను గానీ షార్ట్‌ఫాల్ వస్తుందండి," అన్నాడాయన. షార్ట్‌ఫాల్ అంటే దరఖాస్తులో లోపాలు చూపే నోటీసు. పన్నెండో రోజున వచ్చింది. అందులో రెండు కారణాలు ఉన్నాయి: ప్రార్థన మందిరం ఆ జోనులో అనుమతించిన వినియోగం కాదు, ఏ మతానిదైనా ప్రార్థన స్థలానికి కలెక్టరు గారి ముందస్తు అనుమతి జతపరచలేదు. రెండవది అంత కష్టం కాలేదు. 2022 ఏప్రిల్ 4 నుంచి భీమవరమే జిల్లా కేంద్రం అయినందువల్ల పూర్వంలా ఏలూరు బస్సెక్కే పని తప్పింది. తహసీల్దారు, పోలీసు నివేదికలు రెండూ అభ్యంతరం లేదనే వచ్చాయి. చిక్కంతా మొదటిదానితోనే.

ప్లాను కార్యాలయంలో ఒక గుమస్తా, ప్రార్థన స్థలాలకు సుప్రీంకోర్టే అడ్డు చెప్పిందని నన్ను వెనక్కి పంపాడు. ఆ ఉత్తర్వు సంపాదించి చదివాను. 2009 సెప్టెంబరు 29న ఇచ్చిన ఆ మధ్యంతర ఉత్తర్వు, గుడి, చర్చి, మసీదు, గురుద్వారా వంటి ఏ పేరుతోనూ వీధుల్లో, పార్కుల్లో, ఇతర బహిరంగ స్థలాల్లో అక్రమ కట్టడాలు లేవనీయరాదంటుంది. మాది రిజిస్టరు దస్తావేజు ఉన్న ప్రైవేటు పట్టా భూమి. మరునాడు ఆ పేరా గీత గీసి చూపిస్తే ఆయన చదివి, ఏమీ అనకుండా ఫైలు తీసుకున్నాడు.

నిజం చెప్పాలంటే అప్పటికి నాలో కోపం పేరుకుంది. అదే వాడ ముఖద్వారం దగ్గర అమ్మవారి గుడి ఉంది, లోపలికి వెళ్తే పెద్ద ఫంక్షన్ హాలు ఉంది, మాకే ఎందుకీ అడ్డు అని 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. గుడి వాడ ఏర్పడకముందు నుంచీ ఉన్నదనీ, ఫంక్షన్ హాలు భూ వినియోగ మార్పిడి చేయించుకున్నదనీ ముప్పై రోజుల లోపే సమాధానం వచ్చింది. గుడి సంగతి న్యాయమే. పెళ్లికి వెయ్యిమంది చేరే హాలుకు దొరికిన మార్పిడి మాకూ దొరకాలి కదా అని, గోదాము సర్వే నంబరుకు అదే దరఖాస్తు పెట్టాం. ముసాయిదా ప్రకటన వెలువడ్డాక అభ్యంతరాలకు పదిహేను రోజుల గడువు ఉంటుంది. పదమూడో రోజున ఒకే ఒక్క అభ్యంతరం వచ్చింది. అది గోదాము పక్కనున్న ఐసు ఫ్యాక్టరీ యజమానిది.

మతం మాటే మనసులో పెట్టుకుని ఆయన దగ్గరకు వెళ్లాను. ఆయన టీ తెప్పించి, కంప్రెసరు గదిలోకి తీసుకువెళ్లాడు. "ఈ గొట్టాల్లో అమ్మోనియా ఉంటుందండి. వాల్వు దగ్గర కొంచెం లీకైతే మావాళ్లు తడిగుడ్డ ముక్కుకు పెట్టుకుని గాలికి ఎదురుగా పరిగెడతారండి, వాళ్లకది అలవాటు. మీ దగ్గర పసిపిల్లలుంటారు, ముసలమ్మలుంటారు. గోదాముకేమో ఒకటే షట్టరు. వాళ్లు ఎటు పరిగెడతారండి మాస్టారూ?" అని అడిగాడు. అమ్మోనియా గాలికన్నా తేలికైనదే గానీ, ఒత్తిడిలో ద్రవంగా ఉన్నది ఒక్కసారి బయటపడితే చల్లని పొగమంచులా నేలబారున పాకుతుంది. గోదాము ఆ ఫ్యాక్టరీకి తూర్పున ఉంది. మా ప్రాంతంలో ఆషాఢ శ్రావణాల గాలి పడమటి నుంచి వస్తుంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం అనే ఊళ్లో గ్యాసు పైపులైను పేలి ఇరవైమందికి పైగా చనిపోయినప్పుడు నేను అటువైపు బంధువుల ఊళ్లోనే ఉన్నాను. పరిశ్రమ పక్కన నిద్రపోవడమంటే ఏమిటో ఆనాడు చూసి కూడా, ఈ గోదాము ధర దగ్గర నేను మరిచిపోయాను.

ఆయన మనసులో ఇంకో భయం కూడా ఉంది, దానిని దాచలేదు. "ఇవాళ మీరు వస్తారండి, రేపు వాసన వస్తోందని మీలో ఒకరు అర్జీ పెడితే కాలుష్య నియంత్రణ మండలి వాళ్లు ముందు నా గేటుకే వస్తారండి." ఎన్నడూ ఫిర్యాదు చేయబోమని రాసిస్తే అభ్యంతరం ఉపసంహరించుకుంటానన్నాడు. మా పాస్టరు అయ్యగారు దీనికి ఒప్పుకోలేదు. పిల్లల ఊపిరి మీద హక్కును కాగితం మీద వదులుకునే అధికారం కమిటీకి లేదన్నారు. నేను ఇద్దరినీ తప్పు పట్టలేకపోయాను. ఎప్పటినుంచో ఉన్న ఫ్యాక్టరీ, తరువాత వచ్చిన పొరుగువాడి కారణంగా మూతపడకూడదు. అలాగని తరువాత వచ్చినవాడు నోరు కుట్టుకుని ఉండాలనడమూ సరికాదు. ఇద్దరికీ సరిపడే దారి దూరం ఒక్కటే.

ఆ దూరాన్ని జోను పేరు కొలవలేదని నా అభిప్రాయం. మాస్టర్ ప్లాను రంగు ఐసు ఫ్యాక్టరీ గోడకూ, వాడ చివర ఖాళీ ప్లాటుకూ ఒకటే. నివాస వీధిలో మా శబ్దం తప్పు, బజారు వీధిలో అద్దె మా శక్తికి మించినది, పారిశ్రామికవాడలో వినియోగం నిషిద్ధం. ఈ మూడూ కలిస్తే కూలీల చిన్న సంఘానికి ఊళ్లో చోటే ఉండదు. పాత గుళ్లకు, మసీదులకు, చర్చిలకు తాతల నాటి స్థలాలున్నాయి కనుక ఈ బాధ వారికి తెలియదు. అందువల్ల వాడ అంచున, రోడ్డు ముఖంగా, అమ్మోనియాకూ బాయిలర్లకూ దూరంగా ఉన్న ప్లాట్లలో షరతులతో అనుమతించాలని, అవే షరతులు ఫంక్షన్ హాళ్లకూ వర్తింపజేయాలని మా రెండో దరఖాస్తులో రాశాను. ఫంక్షన్ హాలు మాట తీసేయమని ఎల్‌టీపీ బతిమాలాడు. తీయలేదు.

గోదాము వదులుకున్నాం. అడ్వాన్సులో సగమే తిరిగి వచ్చింది. ఆ నష్టం కమిటీ సమావేశంలో నా లెక్కలోనే వేయమన్నాను, వేయలేదు. వాడకు వాయవ్యపు అంచున, రోడ్డు మీదికి, ఐసు ఫ్యాక్టరీ నుంచి మూడు వందల మీటర్లకు పైగా దూరంలో ముప్పై సెంట్ల ప్లాటు దొరికింది. మళ్లీ సర్వే స్కెచ్చు, ఈసీ, లింకు డాక్యుమెంట్లు, మళ్లీ ముసాయిదా, మళ్లీ పదిహేను రోజులు. ఈసారి అభ్యంతరాలు రాలేదు. అభివృద్ధి రుసుము వాయిదాల చిట్టీ పాడి కట్టాం. మొదటి దరఖాస్తు నుంచి ప్లాను చేతికి వచ్చేసరికి ఇరవై మూడు నెలలు పట్టింది.

తనిఖీకి వచ్చిన అగ్నిమాపక అధికారి తలుపులు లోపలికి తెరుచుకుంటున్నాయని రాసి వెళ్లారు. అన్నీ బయటికి తెరుచుకునేలా మార్పించి, వెనుకవైపు రెండో గేటు పెట్టించాం. అమ్మోనియా నింపే పని ఆదివారం ఉదయం పెట్టుకోనని ఐసు ఫ్యాక్టరీ యజమాని తనంతట తానే చెప్పాడు. ఆయన ఫోను నంబరు మా మందిరం బోర్డు మీద, ఆ వారం పాడే కీర్తనల నంబర్ల కిందనే రాసి ఉంటుంది.