సూసన్న అంటే ఏ పువ్వు?

సూసన్న అనే పేరుగల స్నేహితురాలు ఒకరు ఈ మధ్య తన పేరుకు అర్థమేమిటని నన్ను అడిగారు. లిల్లీ పువ్వు అని చెప్పి ఊరుకోవచ్చు; సాధారణంగా అందరూ చెప్పే అర్థం అదే. అయితే ఆ ఒక్క మాటతో సరిపెట్టడానికి నాకు మనసొప్పలేదు. వేల ఏళ్లుగా పలుకు పెద్దగా మారకుండా నిలిచిన ఈ పేరులో, పువ్వు మాత్రం భాష మారినకొద్దీ మారుతూ వచ్చింది.

దీని మూలం ప్రాచీన ఈజిప్టు భాషలో ఉందని భాషావేత్తలు భావిస్తారు. ఆ లిపిలో అచ్చులు రాయరు కాబట్టి మనకు దక్కినవి స, ష, న అనే హల్లులే; 'సెషెన్' అన్నది చదువుకోవడానికి వీలుగా పెట్టుకున్న ఉచ్చారణ. ఆ పువ్వును ఇంగ్లీషులో లోటస్ అంటారు గాని, నిజానికి అది తామర కాదు, కలువ. తామరాకు గొడుగులా నీటికి పైన నిలబడుతుంది. కలువాకు నీటిమీదే పరుచుకుంటుంది, కాడ అతికేచోటు వరకు దానికి ఒక చీలిక ఉంటుంది. తామర ఈజిప్టుకు చేరింది చాలా కాలం తరువాత, పారశీకుల ఏలుబడి నాటికి. మన కవులు కలువను చంద్రుడితో ముడిపెట్టారు. నైలు నది ఒడ్డున పూసే నీలి కలువ మాత్రం ఉదయం విచ్చి, మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. అక్కడి సమాధుల గోడలమీద విందులో కూర్చున్న స్త్రీలు ఈ పువ్వును ముక్కు దగ్గర పట్టుకొని వాసన చూస్తూ కనిపిస్తారు. ఈ పేరును తలచుకున్నప్పుడల్లా నాకు ముందుగా మెదిలేది ఆ బొమ్మే.

హీబ్రూలో ఆ మాట 'షోషన్నా' అయింది. బైబిలు అనువాదాల్లో దాన్ని ఎక్కువగా లిల్లీ అన్నారు. ఆధునిక హీబ్రూ వాడుకలో గులాబీని కూడా ఆ మాటతోనే పిలుస్తారు. గ్రీకు భాషలో 'ష' ధ్వని లేకపోవడంవల్ల అది 'సూసన్నా'గా మారింది. లూకా సువార్త 8వ అధ్యాయంలో యేసును వెంబడించిన స్త్రీలలో ఒకరి పేరుగా అది కనిపిస్తుంది. మన సూసన్నలోని 'స' ఆ గ్రీకు రూపం నుంచి వచ్చినదే. ఫ్రెంచిలో సుజాన్, చెక్‌లో జుజానా, ఇంగ్లీషులో సూసన్ కూడా ఆ దారిలోవే.

మరో దారి పారశీకం, అరబ్బీల మీదుగా సాగింది. అరబ్బీలో 'సౌసన్' లిల్లీ, టర్కీ భాషలో 'సూసెన్' ఐరిస్ పువ్వు. అరబ్బీ మాట స్పానిష్‌లోకి వెళ్లి 'అసుసేనా' అయింది. అందువల్ల స్పెయిన్‌లో సుసానా, అసుసేనా అనే ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్లిద్దరిదీ మూలంలో ఒకే పేరు. ఆర్మేనియాలో అది 'షుషాన్'. దానికి ముద్దుపేరైన షుషానిక్‌తో ప్రసిద్ధురాలైన 5వ శతాబ్దపు పునీతురాలి కథ, నేటికి నిలిచిన జార్జియన్ సాహిత్య రచనల్లో అన్నింటికన్నా పాతది.

ధ్వని పోలికను నమ్మి ఈ పేరును సంస్కృతపు 'సుషమ'తో కలపడం పొరపాటు. బైబిలులోని షూషను కోట పేరు కూడా ఏలాము దేశపు భాష నుంచి వచ్చినదే తప్ప ఈ పువ్వుది కాదు.

తెలుగు బైబిలులోని పరమగీతము 2వ అధ్యాయాన్ని నేను ఎన్నోసార్లు చదివాను గాని, ఈ కంటితో చూడటం ఇదే మొదలు. ఇంగ్లీషులో లిల్లీ అన్న చోట మన అనువాదకులు 'పద్మము' అని రాశారు. హీబ్రూ మూలంలో అక్కడున్నది షోషన్నాయే. నేలమీది పువ్వుగా మారిపోయిన ఆ మాట తెలుగులో మళ్లీ నీటిలోకి వచ్చింది, అదీ తాను పుట్టిన కొలనుకు ఒక్క పువ్వు దూరంలో.

స్నేహితురాలికి ఆ అధ్యాయం చూపించి, ఆమె పేరుకు అర్థం నీలి కలువ అని చెప్పాను.