దానిమ్మ తొక్కల్లో ఇంత ఉందా!

జగదాంబ దగ్గర జ్యూస్ బండి బాబాయ్ నా ప్రయోగం కోసం రోజూ ఒక కవరు నిండా దానిమ్మ తొక్కలు తీసి ఉంచుతున్నాడు, మొదటి రోజు మాత్రం "ఎందుకమ్మా ఇవి, ఆవుకా?" అని అడిగాడు. మొదటి విడత మేడ మీద ఆరబెడితే మన వైజాగ్ ఉక్కకి రెండో రోజుకే బూజు పట్టేసింది, ఏడుపొచ్చేసింది. ఈసారి సన్నగా తరిగి నీడలో, ఫ్యాన్ కింద ఆరబెట్టాను.

పొడిలో సగం నీళ్లు, సగం ఇథనాల్ పోసి అల్ట్రాసౌండ్ బాత్‌లో అరగంట ఉంచాను, హెక్సేన్, మిథనాల్ లాంటి విషపు ద్రావకాలేవీ వాడలేదు. ఆ ధ్వని తరంగాలకు పుట్టే చిన్న చిన్న బుడగలు పగిలి తొక్క కణాల గోడల్ని చీలుస్తాయి, లోపలున్న ప్యూనికలాజిన్, ఎల్లాజిక్ ఆమ్లం అనే, బ్యాక్టీరియాని అడ్డుకునే పదార్థాలు ద్రావణంలోకి దిగుతాయి. వడకడితే అచ్చం కాఫీ డికాషన్ రంగు.

ఈరోజు పొద్దున ఇంక్యుబేటర్ తెరిస్తే స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా పెంచిన ప్లేట్‌లో ఈ ద్రావణం అద్దిన కాగితపు డిస్క్ చుట్టూ గుండ్రంగా ఖాళీ, అంటే అక్కడ బ్యాక్టీరియా పెరగలేదు! పక్కనే ఉత్త ఇథనాల్, నీళ్లు వేసిన డిస్క్ చుట్టూ ఏమీ లేదు. ఈ-కోలై అనే ఇంకో బ్యాక్టీరియా మీద అంతగా పనిచేయలేదు, దానికి బయట ఇంకో పొర అడ్డం ఉంటుంది కదా. పండు బరువులో సగానికి దగ్గరగా తొక్కే, అదంతా చెత్తబండి ఎక్కుతోందంటే మనసొప్పట్లేదు.

సాయంత్రం ఈ ప్లేట్ ఫోటో బాబాయ్‌కి చూపించాలి.