పాతికేళ్ల వాడి ఈసీజీలో లోతైన క్యూ కనిపిస్తే

నల్లగొండలో కానిస్టేబుల్ ఉద్యోగాల ప్రకటన వెలువడిన ప్రతిసారీ మైదానాలు తెల్లవారకముందే నిండిపోతాయి. 1600 మీటర్ల పరుగు కోసం దేవరకొండ, మునుగోడు వైపు పల్లెల నుంచి వచ్చిన యువకులు ఇక్కడ గదులు అద్దెకు తీసుకుని నెలల తరబడి సాధన చేస్తారు. పరుగెత్తుతుండగా ఛాతీ పట్టేసిందనో, కళ్లు తిరిగి పడిపోయామనో వచ్చేవారికి ఈసీజీ తీసినప్పుడు, జనరల్ ఫిజీషియన్‌గా నేను మొదట వెతికేది గుండెపోటును కాదు, వంశపారంపర్యంగా గుండె కండరం మందమయ్యే జబ్బును. హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అనే ఈ జబ్బు దాదాపు 500 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. అంటే జిల్లా కేంద్రంలో పనిచేసే ప్రతి వైద్యుడి బల్ల మీదికీ ఆ ఈసీజీ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. గుర్తుపట్టామా లేదా అన్నదే ప్రశ్న.

ఎక్కువగా పొరబాటు జరిగేది క్యూ తరంగం దగ్గర, అంటే గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఈసీజీ గీత నిటారుగా పైకి లేచే ముందు కిందికి దిగే వంపు దగ్గర. గుండె కింది గదులైన జఠరికల మధ్య గోడలో విద్యుత్తు ఎడమ నుంచి కుడికి పారుతుంది కనుక, ఎడమ పక్కను చూసే 1, ఏవీఎల్, వీ5, వీ6 లీడ్లలో (లీడ్ అంటే గుండెను ఒక్కో కోణం నుంచి చూపే గీత) చిన్న క్యూ ఉండడం సహజమే. ఆ గోడ మందమైనప్పుడు క్యూ బాకు మొనలా లోతుగా దిగుతుంది, కానీ సన్నగానే ఉంటుంది. సాధారణంగా దాని వెడల్పు ఒక చిన్న గడిని, అంటే 40 మిల్లీసెకన్లను, దాటదు. గుండెపోటు మచ్చ వల్ల వచ్చే క్యూ వెడల్పుగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ కండరం చచ్చిపోయింది. ఇక్కడ కండరం బతికే ఉంది, పైగా అవసరానికి మించి ఉంది. మరో ఆనవాలు ఏమిటంటే, లోతైన క్యూ ఉన్న లీడ్‌లోనే టీ తరంగం, అంటే ఒక్కో స్పందన చివర్లో వచ్చే వంపు, తరచుగా పైకే నిలబడి ఉంటుంది. యంత్రం పైన అచ్చువేసే 'పాత గుండెపోటు' అన్న వాక్యాన్ని చదివి, ఇరవై రెండేళ్ల కుర్రవాడిని గుండెపోటు రోగిగా ముద్రవేసిన చీటీలు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. యంత్రం మాటను చివర్లో చదవడం మేలని నా అభిప్రాయం.

తరంగాల ఎత్తు పెరగడం ఒక్కటే ఉంటే నేను అంత కంగారుపడను. సన్నగా ఉండి బాగా వ్యాయామం చేసే యువకులలో అది సహజంగానే కనిపిస్తుంది. దానికి తోడు ఎడమ పక్క లీడ్లలో ఎస్టీ, అంటే టీ తరంగానికి ముందుండే గీత, కిందికి జారి, టీ తలకిందులైతే అప్పుడు ఊరుకోకూడదు. గుండె కొన మాత్రమే మందమయ్యే రకంలో, దీన్ని 1970లలో జపాన్ వైద్యులు వివరించారు, లోతైన క్యూలు ఉండకపోవచ్చు. ఛాతీ లీడ్లలో టీ తరంగాలు 10 మిల్లీమీటర్లకు పైగా కిందికి దిగవచ్చు. మామూలు ఎకోలో (గుండె అల్ట్రాసౌండ్ స్కాన్‌లో) ఆ కొన సరిగా కనపడక జబ్బు తప్పిపోయే అవకాశం ఉంది కనుక, అనుమానం తీరకపోతే గుండె ఎంఆర్ఐ చేయించాలి.

ఈ తేడా తెలియకపోతే నష్టం ఏమిటని అడగవచ్చు. గుండె నుంచి రక్తం బయటకు వెళ్లే దారి ఇరుకైన వారికి, ఇంట్లో ఉంది కదా అని గుండెపోటు నొప్పికి వాడే సార్బిట్రేట్ మాత్ర నాలుక కింద పెడితే అడ్డంకి పెరిగి బీపీ పడిపోవచ్చు.

కాగితం తర్వాత చూడవలసింది కుటుంబాన్ని. చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయిన వారెవరైనా ఉన్నారా అని అడిగితే మొదట లేరంటారు. కాసేపు మాట్లాడించాక "మా చిన్నాయన పొలం కాడ పడిపోయిండు సార్, ఫిట్స్ అన్నరు" అన్న మాట బయటికొస్తుంది. జబ్బు జన్యువు తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే, ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగానికి సగం. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న 2009 నాటి పరిశోధన, గుండె కండర ప్రోటీన్‌కు సంబంధించిన ఎంవైబీపీసీ3 జన్యువులో 25 డీఎన్‌ఏ అక్షరాలు లేకపోవడమనే లోపం భారతీయులలో సుమారు 4 శాతం మందిలో ఉందని, దానికి గుండె కండర జబ్బులతో సంబంధం ఉందని చూపింది. ఆ లోపం ఉన్న వారందరికీ జబ్బు రాదు. అయితే మేనరికాలు ఇంకా సాగుతున్న మా ప్రాంతంలో ఒకే బిడ్డకు రెండు వైపుల నుంచీ అది అందే వీలు ఎక్కువన్న సంగతి మరువరాదు.

అందుకే తోబుట్టువులకు, పిల్లలకు కూడా ఈసీజీ, ఎకో తీయించాలని చెబుతాను. తమ్ముడిని తీసుకువస్తారు, చెల్లెలి పేరు ఎత్తితే సంబంధాలు చెడిపోతాయని వెనుకాడతారు. ఈ జంకు నాకు అర్థమవుతుంది గాని ఒప్పుకోను, ఎందుకంటే గర్భిణిగా ఉన్నప్పుడు తెలియడం కన్నా ముందే తెలియడం ఆమెకే మంచిది. ఒకసారి బాగుందని వదిలేయడానికి కూడా లేదు. గోడ మందం తర్వాతి ఏళ్లలో బయటపడవచ్చు, కొందరిలో అంతకంటే ముందే ఈసీజీ మారుతుంది. పెద్దలకు 3 నుంచి 5 ఏళ్లకోసారి, పిల్లలకు ఏడాదికో రెండేళ్లకో పరీక్ష అవసరం. పోల్చి చూడడానికి పాత కాగితం చేతిలో ఉండాలి. ఈసీజీ కాగితం మీది గీతలు కాలక్రమేణా వెలిసిపోతాయి కాబట్టి, తీసిన రోజే జిరాక్స్ చేయించి పేరు, తేదీ రాసి దాచుకోండి.