కాటా చీటీ, లెవెల్ పైపు, పది నీళ్ల టిన్నులు: మా హైబ్రిడ్ బండి అసలు శక్తిని కొలిచిన నా అనుభవం

డాలస్ దగ్గర ఉంటున్న మా బావమరిది ఈ మధ్య ఫోర్డ్ ఎఫ్-150 పవర్‌బూస్ట్ అనే హైబ్రిడ్ (పెట్రోలు ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారు కూడా ఉండే) పికప్ ట్రక్కు కొన్నాడు. విజయవాడలో మా ఇంటి ముందు ఉండేది టయోటా ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్. ఒక ఆదివారం ఫోన్‌లో మాట్లాడుతూ, "బావా, నా బండికి 430 హార్స్‌పవర్, 570 పౌండ్-అడుగుల టార్క్ (తిప్పే బలం) అని కంపెనీ రాసింది. మీ బండి కాగితంలో ఇంజిన్ 152 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్), మోటారు 113 పీఎస్ అని రాసి, మొత్తం మాత్రం 186 అన్నారు. కూడితే 265 రావాలి కదా, మిగతాది ఎక్కడికి పోయింది?" అని అడిగాడు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టి కారణం వెంటనే చెప్పగలిగాను. కానీ ఆ 186లో చక్రాల దగ్గరికి నిజంగా ఎంత చేరుతోందో నేను ఎన్నడూ కొలిచి చూడలేదన్న సంగతి అతనితో మాట్లాడుతుండగానే నన్ను పట్టుకుంది. వేసవి సెలవుల్లో మూడు వారాల పాటు తెల్లవారుజామున లేచి నేను చేసింది ఆ కొలతే.

ముందు అతనికి చెప్పిన కారణం ఇక్కడ కూడా చెప్పాలి, ఎందుకంటే కొలత మొత్తం దాని మీదే నిలబడి ఉంది. హైక్రాస్‌లో ఇంజిన్, జనరేటరు, మోటారు మూడూ ప్లానెటరీ గేర్ల (మధ్య పళ్లచక్రం చుట్టూ చిన్న పళ్లచక్రాలు తిరిగే) అమరికతో ముడిపడి ఉంటాయి. ఇంజిన్ శక్తిలో కొంత భాగం గేర్ల గుండా నేరుగా చక్రాలకు పోతుంది. మిగిలినది జనరేటరును తిప్పి, కరెంటుగా మారి, మోటారు ద్వారా మళ్లీ చక్రాలకే చేరుతుంది. మోటారుకు 113 పీఎస్ సామర్థ్యం ఉన్న మాట నిజమే గాని, అది వాడుకునే కరెంటులో చాలా భాగం ఇంజిన్ పుట్టించిందే కాబట్టి దాన్ని రెండోసారి లెక్క వేయకూడదు. బయటి నుంచి కొత్తగా కలిసేది బ్యాటరీ ఇచ్చే శక్తి ఒక్కటే. 186లో 152 తీసేస్తే మిగిలే 34 పీఎస్, అంటే సుమారు 25 కిలోవాట్లు, ఆ బ్యాటరీ వాటా. టార్క్ విషయంలో కూడిక ఇంకా పెద్ద పొరపాటు. ఇంజిన్ 188, మోటారు 206 న్యూటన్ మీటర్లు ఇస్తాయి గాని, ఆ రెండూ వేర్వేరు గేరు నిష్పత్తుల గుండా చక్రాలకు చేరతాయి. అందువల్ల 394 అనే అంకెకు ఆ బండిలో ఎక్కడా ఉనికి లేదు. మా బావమరిది పికప్‌లో 35 కిలోవాట్ల మోటారు ఇంజిన్‌కూ పది గేర్ల గేర్‌బాక్సుకూ మధ్య కూర్చుని ఉంటుంది. రెండిటి టార్కూ ఒకే దారిన గేర్‌బాక్సులోకి వెళ్తుంది గనుక అక్కడ మొత్తం టార్క్‌ను ఒకే అంకెగా చెప్పడానికి అర్థం ఉంది.

బండిని రోలర్ల మీద నిలబెట్టి కొలిచే డైనో యంత్రం నాకు అందుబాటులో లేదు. ఉన్నా నాకు అనుమానమే, ఎందుకంటే ముందు చక్రాలు తిరుగుతూ వెనుక చక్రాలు కదలకపోతే బండిలోని కంప్యూటరు దాన్ని టైర్ల జారుడుగా భావించి శక్తిని తగ్గించే ప్రమాదం ఉంది. అందుకే పదో తరగతి పిల్లలకు కూడా తెలిసిన సూత్రాన్నే పట్టుకున్నాను: బలం అంటే ద్రవ్యరాశిని త్వరణంతో గుణించగా వచ్చేది. బండి బరువు ఎంతో, ఏ వేగం దగ్గర ఎంత చురుగ్గా వేగం పుంజుకుంటోందో, గాలీ రోడ్డూ దాన్ని ఎంత బలంతో వెనక్కి లాగుతున్నాయో తెలిస్తే చక్రాల దగ్గర బలం తెలుస్తుంది. ఆ బలాన్ని వేగంతో గుణిస్తే శక్తి, చక్రం వ్యాసార్ధంతో గుణిస్తే టార్క్.

బరువు కోసం ఆటోనగర్‌లోని ఒక కాటాకు వెళ్లాను. లారీలు తూగే ఆ వేదిక మీద మా బండి మూలన పెట్టిన పీటలా కనిపించింది. నేను, నాతో వచ్చిన తోటి అధ్యాపకుడు, పరికరాలు, ట్యాంకు నిండా పెట్రోలు కలిపి చీటీ మీద 1,830 కిలోలు అని వచ్చింది. ఆ కాటా పది కిలోల మెట్లలోనే చూపిస్తుంది కాబట్టి బండిని ఒకసారి దింపి, తిప్పుకొచ్చి మళ్లీ తూయించాను. అదే అంకె వచ్చింది. దీనికి తోడు చక్రాలు, షాఫ్టులు, మోటారు లోపలి భాగాలు ముందుకు కదలడమే గాక గిర్రున తిరగాలి కూడా. ఆ తిప్పుడుకు పట్టే బలం కోసం మరో 70 కిలోలు కలిపి 1,900గా తీసుకున్నాను. నా లెక్క మొత్తంలో కొలవకుండా అంచనాతో వేసుకున్నది ఈ 70 ఒక్కటే.

చక్రం వ్యాసార్ధాన్ని టైరు పక్కన అచ్చువేసిన అంకెల నుంచి లెక్కగట్టలేదు, ఎందుకంటే బరువు కింద టైరు కాస్త నలుగుతుంది. ఇద్దరం లోపల కూర్చుని, టైరు మీదా నేల మీదా సుద్దముక్కతో గీత పెట్టించి, చక్రం సరిగ్గా ఒక చుట్టు తిరిగేలా బండిని ముందుకు పోనిచ్చి, టేపుతో కొలిపించాను. 2 మీటర్ల 9 సెంటీమీటర్లు వచ్చింది. అంటే వ్యాసార్ధం 0.333 మీటర్లు.

పరుగుల కోసం జాతీయ రహదారి ఎక్కే ఆలోచనే పెట్టుకోలేదు. ఎదుటివాళ్ల ప్రాణాలు మన కుతూహలం కోసం ఉన్నవి కావు. కంకిపాడు దాటాక ఇంకా ఇళ్లు లేని ఒక వెంచర్‌లో, యజమానిని అడిగి, మధ్యలో ఉన్న వెడల్పాటి రోడ్డును ఉదయం ఐదుంబావు నుంచి ఆరున్నర వరకు వాడుకున్నాం. పొడవు సుమారు 800 మీటర్లు. రెండు కొసల్లోనూ మనుషులను నిలబెట్టాం. తెల్లవారుజామునే ఎంచుకోవడానికి మరో కారణం కూడా ఉంది: 40 డిగ్రీల ఎండలో గాలి 25 డిగ్రీల గాలి కంటే దాదాపు 5 శాతం పలచగా ఉంటుంది, ఇంజిన్ కొంత బలహీనపడుతుంది. ఫోన్‌లోని జీపీఎస్ మామూలుగా సెకనుకు ఒక్కసారే వేగాన్ని నమోదు చేస్తుంది. రెండు సెకన్ల పనిని దానితో కొలవడం కుదరదు. సెకనుకు పదిసార్లు నమోదు చేసే జీపీఎస్ పరికరం ఒకటి అరువు తెచ్చుకున్నాను. బ్యాటరీలో చార్జి ఎంత ఉందో చూడడానికి స్టీరింగ్ కింద, బండి కంప్యూటరులోని సమాచారం చదవడానికి ఉండే ఓబీడీ సాకెట్‌కు ఒక చిన్న బ్లూటూత్ పరికరం తగిలించాను.

మొదటి రోజు కొలిచింది వెనక్కి లాగే బలాన్ని. గంటకు 85 కిలోమీటర్లు దాటించి, గేరును ఎన్‌లోకి (న్యూట్రల్‌లోకి) తెచ్చి, బండి దానంతట అది 85 నుంచి 75కి పడిపోవడానికి ఎంతసేపు పడుతుందో చూడాలి. ఎన్‌లోకి తేవడం హైబ్రిడ్‌లో తప్పనిసరి. డీలో (డ్రైవ్‌లో) ఉంచి కాలు తీస్తే మోటారు జనరేటరుగా మారి బండిని ఆపుతుంది, అప్పుడు మనం కొలిచేది గాలిని కాదు, బ్యాటరీ చార్జింగును. ఊరి వైపు వచ్చినప్పుడు 14.6 సెకన్లు పట్టింది. కాలువ వైపు వెళ్తే 9.8. ఇంత తేడా చూసి నాకు నీరసం వచ్చింది. గాలి అనుకుందామంటే తాటాకు కూడా కదలడం లేదు. మరుసటి రోజు మా వీధిలో ఇల్లు కడుతున్న తాపీమేస్త్రీని బతిమాలి లెవెల్ పైపు తీసుకెళ్లాను. పారదర్శకమైన ఆ సన్నటి పైపులో నీళ్లు నింపి, 20 మీటర్ల దూరంలో చెరో కొస పట్టుకుని నిలబడ్డాం. నీళ్లు ఊగి ఊగి స్థిరపడ్డాక నేల నుంచి స్కేలు పెట్టి చూస్తే రెండు కొసలకూ దాదాపు 10 సెంటీమీటర్ల తేడా! కంటికి పళ్లెంలా కనిపించే ఆ రోడ్డు, వాననీళ్లు ఊరి వైపు ఉన్న డ్రైనేజీలోకి పోవడానికి నూటికి అర చొప్పున వాలుగా వేసినది. 1,830 కిలోల బండిని ఆ వాలు 90 న్యూటన్ల బలంతో ఒక వైపు లాగుతుంది. కాలువ వైపు సమయం నుంచి లెక్కగడితే 539, ఊరి వైపు నుంచి 362 న్యూటన్లు. రెండిటి సగటు 450. ఆ సగటుకూ చెరో అంకెకూ తేడా సుమారు 90. పైపులోని నీళ్లు చెప్పినదీ జీపీఎస్ చెప్పినదీ ఒకటే అయినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ తాజాగా ఉంది. ఆ రోజు నుంచి ప్రతి పరుగునూ రెండు దిక్కులా చేసి సగటు తీసుకున్నాను. ఇక్కడ సగటు తీయాల్సింది సమయాలకు కాదు, బలాలకు.

తర్వాత అసలు పరుగులు. ఏసీ ఆపి, పవర్ మోడ్‌లో పెట్టి, యాక్సిలరేటరు పూర్తిగా నొక్కితే 70 నుంచి 90కి చేరడానికి రెండు దిక్కుల మీద 2.2 సెకన్లు పట్టింది. బండి కదిలిన తొలి క్షణాల్లో ముందు టైర్లు జారతాయి గనుక ఆ భాగాన్ని వదిలేశాను. 20 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 5.56 మీటర్లు; దాన్ని 2.2తో భాగిస్తే త్వరణం 2.53. 1,900తో గుణిస్తే సుమారు 4,800 న్యూటన్లు, దానికి గాలీ రోడ్డూ తినే 450 కలిపితే 5,250. గంటకు 80 అంటే సెకనుకు 22.2 మీటర్లు కాబట్టి శక్తి 117 కిలోవాట్లు, అంటే 159 పీఎస్. కాగితం మీది 186 పీఎస్ 137 కిలోవాట్లకు సమానం. నూటికి 85 వంతులు చక్రాలకు చేరుతున్నాయి. మిగిలిన 20 కిలోవాట్లు గేర్లలోనూ, కదలిక కరెంటుగా మారి తిరిగి కదలికగా మారే దారిలోనూ వేడిగా పోతున్నాయని నా అభిప్రాయం.

అయితే ఆ 117 బ్యాటరీలో 62 శాతం చార్జి ఉన్నప్పటి సంగతి. విరామం లేకుండా వరుసగా ఆరు పరుగులు తీశాక చార్జి 44కి దిగింది, అదే 70 నుంచి 90కి 2.5 సెకన్లు పట్టింది. లెక్క వేస్తే 104 కిలోవాట్లు, అంటే 141 పీఎస్. బండి అదే, రోడ్డు అదే, డ్రైవరూ మారలేదు, గంట కూడా గడవలేదు. 18 పీఎస్ తగ్గింది. పెట్రోలు బండికి ఒక అంకె చెబితే సరిపోతుంది. హైబ్రిడ్‌కు శక్తి ఎంత అని ఎవరైనా చెబితే, బ్యాటరీలో చార్జి ఎంత ఉన్నప్పుడు అని నేను ఇప్పుడు వెంటనే అడుగుతున్నాను. కొండ ఎక్కేటప్పుడూ బరువు లాగేటప్పుడూ మనకు దక్కేది ఆ రెండో అంకె, అది ఏ కాగితం మీదా అచ్చు వేసి ఉండదు.

ఈ లెక్క తప్పేమోనన్న శంక నన్ను వదల్లేదు. శక్తి బండిది, బరువు మారినంత మాత్రాన అది మారకూడదు. కాబట్టి బరువు పెంచి అదే అంకె వస్తుందో లేదో చూడడమే పరీక్ష. మా వీధి వాటర్ ప్లాంటులో 20 లీటర్ల టిన్నులు పది తీసుకుని, వెనుక సీట్లు మడిచి, కదలకుండా తాళ్లతో బిగించి కట్టి, మళ్లీ కాటాకు వెళ్లాను. 2,040 కిలోలు. పెరిగిన బరువుకు టైర్లు ఇంకొంచెం ఎక్కువగా వెనక్కి లాగుతాయి, ఆ బలం 470 అయింది. చార్జి 60 దాటాక పరుగు తీస్తే 2.45 సెకన్లు, లెక్క తేలింది మళ్లీ 117 కిలోవాట్లే. నా తోటి అధ్యాపకుడు కాగితం మీద వేరుగా లెక్క వేసుకుని, నాకు చూపించకుండా కాసేపు పట్టుకుని, తర్వాత నా చేతిలో పెట్టాడు. అతనిదీ అదే అంకె.

టార్క్ మాట మిగిలింది. టిన్నులు లేకుండా, 20 నుంచి 40కి 1.6 సెకన్లు పట్టిన పరుగుల నుంచి లెక్కగడితే చక్రాల దగ్గర బలం 6,830 న్యూటన్లు, టార్క్ సుమారు 2,270 న్యూటన్ మీటర్లు. 80 దగ్గర అది 1,750కి తగ్గుతుంది. కాగితం మీది 188, 206లకూ ఈ అంకెలకూ మధ్య ఉన్నది గేర్లు. రోడ్డుకు తెలిసేది మాత్రం చక్రాల దగ్గరి టార్కే.

ఇదంతా రాసి పంపితే మా బావమరిది ఉత్సాహపడి, పది రోజుల్లో తన పికప్‌ను లారీలు తూచే కాటా మీద తూయించి, చీటీ ఫొటో పంపాడు. "బావా, బరువు పౌండ్లలో వచ్చింది, కిలోల్లోకి మార్చేశాను. తిరిగే చక్రాల కోసం ఎంత కలపాలి?" అని అడిగాడు. అది తర్వాత చెబుతాను, ముందు నువ్వు పరుగు తీయబోయే రోడ్డు మీద లెవెల్ పైపు పరిచి చూడమన్నాను.